హోల్ కొట్టిన గాజు అక్వేరియంలో బల్క్‌హెడ్ దగ్గర లీకు రాకుండా చూసుకోవడం ఎలా?

ట్యాంకు కింద సంపు, అంటే ఫిల్టరూ పంపూ ఉండే రెండో తొట్టి పెట్టుకోవాలంటే గాజుకు హోల్ కొట్టించడమే మంచి పద్ధతి. పైపు తగిలించడానికి ఆ హోల్‌లో బిగించే ఫిట్టింగే బల్క్‌హెడ్. హోల్ లేకుండా గాజు అంచు మీదుగా వేలాడదీసే సైఫన్ బాక్సులు ఉన్నాయి. కానీ కరెంటు పోయి వచ్చాక సైఫన్ మళ్లీ అందుకోకపోతే, పంపు మాత్రం సంపులోని నీళ్లన్నీ పైకి తోసి హాల్లో పారబోస్తుంది. మన కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అయినా చాలామంది హోల్ కొట్టించడానికి జంకుతారు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న నాలుగడుగుల ట్యాంకులో 270 లీటర్ల నీళ్లు పడతాయి. అవన్నీ ఒక రబ్బరు వాషర్ మీద ఆధారపడి ఉన్నాయంటే టెన్షన్ ఉండదా మరి! కింది ఫ్లాటువాళ్ల సీలింగు కూడా గుర్తొస్తుంది.

భయం సహజమే గానీ, ఒక లెక్క చూడండి. 50 సెంటీమీటర్ల లోతు నీరు అడుగున కలిగించే ఒత్తిడి 0.05 బార్. మూడంతస్తుల ఇంటి మీది ట్యాంకు నుంచి కింది వంటింటి కుళాయికి 12 మీటర్ల ఎత్తు ఉంటే అక్కడి ఒత్తిడి దాదాపు 1.2 బార్. అంటే అక్వేరియంలో ఉండేదానికి 24 రెట్లు. అంత తక్కువ ఒత్తిడిని ఆపడానికి బలంగా బిగించాల్సిన పని లేదు. నున్నటి గాజు మీద శుభ్రమైన రబ్బరు చుట్టూ ఒకేలా ఆనుకుంటే చాలు. అందుకే బల్క్‌హెడ్ దగ్గర లీకు వస్తే సాధారణంగా కారణం వదులు కాదు. గాజు అంచు పెచ్చు ఊడి ఉంటుంది, లేదా రబ్బరు కింద ఇసుక రేణువు చిక్కి ఉంటుంది, లేదా పైపు ఫిట్టింగును పక్కకు లాగుతూ ఉంటుంది. కొన్నిసార్లు ఎక్కువగా బిగించడమే కారణం. ఈ మార్గదర్శిలో చెప్పే పనులన్నీ ఈ కారణాలను ఒక్కొక్కటిగా తొలగించడానికే.

నీరు వచ్చే దారులు

బల్క్‌హెడ్ అంటే మన ఇంటి మీది ప్లాస్టిక్ ట్యాంకుకు వేసే ట్యాంక్ నిపుల్ లాంటిదే. ఒక పక్క వెడల్పాటి అంచు, అంటే ఫ్లాంజ్ ఉంటుంది. దాని నుంచి బయటికి థ్రెడ్ ఉన్న గొట్టం, దాని మీద తిరిగే పెద్ద నట్టు ఉంటాయి. ఫ్లాంజ్‌కూ గాజుకూ మధ్య రబ్బరు వాషర్ వస్తుంది.

నీరు నాలుగు చోట్ల కారొచ్చు. రబ్బరుకూ గాజుకూ మధ్య ఒకటి. బల్క్‌హెడ్ లోపలి థ్రెడ్‌లోకి పైపు ఎక్కించిన చోట రెండోది. సాల్వెంట్ వేసి అతికించిన జాయింటు మూడోది. బల్క్‌హెడ్ ఒంట్లోనే వచ్చిన సన్నటి పగులు నాలుగోది. లీకు కనిపించగానే అందరి చెయ్యీ నట్టు మీదికే వెళ్తుంది. కానీ నట్టు బిగిస్తే బాగుపడే అవకాశం ఉన్నది ఈ నాలుగింట్లో మొదటిదానికే. నాలుగోదాన్నైతే అది ఇంకా పాడు చేస్తుంది.

హోల్ ఎక్కడ పెట్టాలి

కొత్త ట్యాంకు చేయించుకుంటున్నట్టయితే అడుగున వద్దు, వెనక గాజుకు పైభాగంలో పెట్టించండి. వెనక గాజుకు పై నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర హోల్ ఉంటే, ఏ అర్ధరాత్రో ఫిట్టింగు ఊడినా నీరు ఆ హోల్ అడుగు మట్టం వరకే పోతుంది. చేపలు బతికి ఉంటాయి. అడుగున ఉన్న హోల్ లీకైతే ట్యాంకు మొత్తం ఖాళీ కావచ్చు. అడుగు హోల్‌తో వెనక పైపులు కనిపించవు, గోడకు దగ్గరగా జరుపుకోవచ్చు, నిజమే. ఆ సౌకర్యం కోసం అంత రిస్కు అనవసరమని నా అభిప్రాయం.

హోల్ అంచు నుంచి గాజు అంచు వరకు కనీసం ఆ హోల్ వ్యాసమంత ఖాళీ వదలాలి. 45 మిల్లీమీటర్ల హోల్ అయితే దాని అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం 45 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే హోల్ కేంద్రం గాజు అంచు నుంచి 68 మిల్లీమీటర్ల కంటే దగ్గరికి రాకూడదు. 70 అనుకుంటే గుర్తుండిపోతుంది. రెండు హోల్స్ మధ్య కూడా ఇదే లెక్క. ఇంతకన్నా దగ్గరైతే ఆ సన్నటి గాజు పట్టీలో పగుళ్లు మొదలవుతాయి. మూలల్లో సిలికాన్ పట్టీ ఉంటుంది కదా, ఫ్లాంజ్ దాని మీదికి ఎక్కకుండా కూడా చూసుకోండి. ఒక పక్క సిలికాన్ మీద కూర్చుంటే రెండో పక్క రబ్బరు గాలిలో ఉంటుంది.

అడుగునే పెట్టాల్సి వస్తే, స్టాండు ప్లైవుడ్‌కూ కింద వేసే థర్మాకోల్‌కూ కోసే కంత నట్టు కంటే చాలా పెద్దదిగా ఉండాలి. చెయ్యి, రెంచి రెండూ తిరిగేంత ఖాళీ కావాలి. నీళ్లు నింపాక థర్మాకోల్ కొంచెం అణుగుతుంది. అప్పుడు నట్టు చెక్కకు తగిలిందంటే ట్యాంకు బరువు ఫిట్టింగు మీద పడుతుంది.

గాజు టఫెన్డ్ కాదని తేల్చుకోండి

టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజుకు హోల్ కొట్టడం కుదరదు. డ్రిల్లు తగలగానే మొత్తం గాజు చిన్న చిన్న ముక్కలైపోతుంది. మన దగ్గర షాపుల్లో అంటించి ఇచ్చే ట్యాంకులు ఎక్కువగా మామూలు ఫ్లోట్ గాజుతోనే ఉంటాయి. కంపెనీ తయారీ ట్యాంకుల్లో అడుగు గాజు టఫెన్డ్ ఉండే అవకాశం ఉంది. మూలలో స్టాంపు ఉందేమో చూడండి. లేకపోతే ల్యాప్‌టాప్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి గాజుకు ఒక పక్క ఉంచండి. రెండో పక్క నుంచి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలతో, వాటిని కాస్త తిప్పుతూ చూడండి. నల్లటి మచ్చలో చారలో గాజంతా కనిపిస్తే అది టఫెన్డ్ అయి ఉండొచ్చు. అలాంటిదాన్ని ముట్టుకోకండి.

ఫిట్టింగు ముందు, హోల్ తర్వాత

ముందే హోల్ కొట్టించి తర్వాత దానికి సరిపోయే బల్క్‌హెడ్ కోసం తిరిగేవాళ్లు ఉన్నారు. వరస తిరగేయండి. బల్క్‌హెడ్ చేతికొచ్చాక, దాని థ్రెడ్ గొట్టం బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, దానికి రెండు మూడు మిల్లీమీటర్లు కలిపి హోల్ సైజు నిర్ణయించండి. 'ఒక అంగుళం బల్క్‌హెడ్' అంటే లోపల పైపు సైజు మాత్రమే. బయటి వ్యాసం కంపెనీని బట్టి మారుతుంది.

ఉదాహరణకు గొట్టం బయటి వ్యాసం 42 మిల్లీమీటర్లు, ఫ్లాంజ్ వ్యాసం 62 ఉందనుకోండి. 45 మిల్లీమీటర్ల హోల్ కొడితే ఫ్లాంజ్ చుట్టూ 8.5 మిల్లీమీటర్ల వెడల్పున గాజు మీద ఆనుతుంది. బాగుంది. అదే హోల్ 52 కొట్టించారనుకోండి, ఆనేది 5 మిల్లీమీటర్లే. ఫిట్టింగు కొంచెం పక్కకు జరిగిందంటే ఒక వైపు రబ్బరు అంచు హోల్‌లోకి జారే ప్రమాదం ఉంది. మరీ బిగుతు హోల్ కూడా మంచిది కాదు. ప్లాస్టిక్ గాజును తాకుతూ ఉంటే పైపు కదలిక నేరుగా గాజుకే తగులుతుంది.

కొనేటప్పుడు పైపు కొలతల దగ్గర జాగ్రత్త. మన బజార్లో పక్కపక్కనే దొరికే మూడు రకాల పైపుల కొలతలు మూడు రకాలు. 'ఒక అంగుళం' అని అడిగితే వ్యవసాయానికి వాడే పీవీసీ పైపు బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు. ఇంటి ప్లంబింగ్‌కు వాడే తెల్ల యూపీవీసీ 33.4. వేడినీళ్లకు వాడే సీపీవీసీ 28.6. దిగుమతి అయ్యే అక్వేరియం బల్క్‌హెడ్‌లు చాలావరకు 20, 25, 32, 40, 50 మిల్లీమీటర్ల లెక్కలో వస్తాయి. కాబట్టి 32 సైజు బల్క్‌హెడ్‌లోకి యూపీవీసీ అంగుళం పైపు దూరదు. యూపీవీసీ ఫిట్టింగులో 32 పైపు లొడలొడలాడుతుంది. ఆ సందును సాల్వెంట్‌తో నింపేద్దామనుకుంటే ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారుకు వెళ్లేవాళ్లు బల్క్‌హెడ్‌ను జేబులో వేసుకెళ్లి, పైపు ముక్క అక్కడే దూర్చి చూసుకోవడం మేలు.

థ్రెడ్ ఉన్న రకం తీసుకుంటే ఇంకో చిక్కు ఉంది. మన ఫిట్టింగుల్లో ఉండేది బీఎస్‌పీ థ్రెడ్. అమెరికా తయారీలో ఎన్‌పీటీ. అర, ముప్పావు అంగుళాల్లో రెండిటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి ఒకదాన్లో ఒకటి ఎక్కినట్టే ఉంటుంది, కానీ మర కోణం వేరు. ఒక అంగుళం నుంచి బీఎస్‌పీకి 11, ఎన్‌పీటీకి 11.5. రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. బిగిసిందిలే అనుకుంటాం. నీళ్లు వదలగానే తెలుస్తుంది.

ట్యాంక్ నిపుల్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. పూర్తిగా ప్లాస్టిక్‌ది, ఫ్లాంజ్ ముఖం చదునుగా ఉన్నది అయితే వాడొచ్చు, ధరలోనూ కలిసొస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు గోడ కొంచెం వంగి సర్దుకుంటుంది కాబట్టి అక్కడ ఫ్లాంజ్‌లో చిన్న వంపు ఉన్నా చెల్లిపోతుంది. గాజు సర్దుకోదు. కొనేముందు ఫ్లాంజ్‌ను టేబుల్ అద్దం మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఇత్తడి ఇన్సర్టు ఉన్నవి మాత్రం వద్దు. ఇత్తడిలోని రాగి రొయ్యలకూ సముద్రపు పగడాలకూ ప్రాణాంతకం.

హోల్ కొట్టడం

ఇది గాజు షాపులో, అద్దాలు అంటించకముందే చేయించుకుంటే మీకు సగం పని తప్పినట్టే. అక్కడ మెషీన్ మీద గాజును చదునుగా పడుకోబెట్టి, నీళ్లు పారిస్తూ కొడతారు. డబ్బిచ్చే ముందు హోల్ రెండు వైపులా వేలితో కాదు, టార్చి వేసి కళ్లతో చూడండి.

ఇంట్లోనే కొట్టాలంటే డైమండ్ హోల్ సా, బ్యాటరీ డ్రిల్లు తీసుకోండి. నీళ్ల మధ్య వైరున్న డ్రిల్లు ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ప్లైవుడ్ ముక్కకు అదే బిట్‌తో రంధ్రం చేసి, గాజు మీద కదలకుండా బిగిస్తే బిట్ జారదు. చపాతీ పిండి ముద్దతో చుట్టూ గుండ్రంగా కట్ట కట్టి అందులో నీళ్లు పోయండి. వెనకవైపు ప్యాకింగ్ టేపు రెండు పొరలు అంటించండి. వేగం నిమిషానికి 300 నుంచి 600 చుట్ల మధ్య చాలు. డ్రిల్లు బరువు తప్ప మీ బలం పెట్టొద్దు. పది మిల్లీమీటర్ల గాజుకు కొన్ని నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. చివరి రెండు మిల్లీమీటర్లలో ఇంకా తేలిక చేయాలి. అవతలి వైపు పెచ్చులు లేచేది అప్పుడే. కుదిరితే సగం దాకా ఒక పక్క నుంచి, మిగతాది రెండో పక్క నుంచి కొట్టండి.

తర్వాత నీళ్లలో ముంచే నల్ల వాటర్ పేపర్, మొదట 220, ఆపైన 400 నంబరుది, తీసుకుని హోల్ అంచుల వాడి పోయేదాకా రుద్దండి. పెచ్చు ఊడి ఉంటే అది ఎంత దూరం పోయిందో కొలవండి. హోల్ అంచు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగితే రబ్బరు దాన్ని దాటి ఆనుతుంది కాబట్టి ఫర్వాలేదు. అంతకు మించితే రబ్బరు కూర్చునే చోటుకు నీరు దారి చేసుకుంటుంది. పెచ్చు ఉన్న ముఖం నట్టు వైపుకు, శుభ్రంగా ఉన్న ముఖం రబ్బరు వైపుకు వచ్చేలా అద్దాన్ని తిప్పి అంటించమని షాపువాడికి చెప్పొచ్చు. పెచ్చు కాక, అంచు నుంచి బయలుదేరిన సన్నటి పగులు గీత ఉంటే మాత్రం ఆ గాజును వదిలేయండి.

బిగించడం

హోల్ చుట్టూ గాజును రెండు వైపులా బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడవండి. పాత సిలికాన్ మరకలు కంటికి కనపడవు, వేలికి తెలుస్తాయి. రబ్బరు వాషర్‌ను మాత్రం మామూలు నీళ్లతో కడిగితే చాలు. కొన్ని వాషర్ల మీద అచ్చు పోసిన గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. అలాంటిది ఉంటే వేరే వాషర్ తీసుకోండి.

వరస ఇది: ట్యాంకు లోపల ఫ్లాంజ్, దాన్ని అంటుకుని రబ్బరు వాషర్, తర్వాత గాజు, బయట సన్నటి ప్లాస్టిక్ వాషర్, ఆఖరున నట్టు. రబ్బరు ఫ్లాంజ్ వైపే ఎందుకు ఉండాలంటే, నట్టుకూ గొట్టానికీ మధ్య ఉన్న థ్రెడ్ నీటిని ఆపదు. రబ్బరును నట్టు వైపు పెడితే గాజుకూ నట్టుకూ మధ్య సీలవుతుంది గానీ, నీరు హోల్‌లోకి దిగి థ్రెడ్ మరల వెంట చుట్టూ తిరిగి బయటికొస్తుంది. ఫ్లాంజ్ బయట, నట్టు లోపల పెట్టాల్సిన చోట కూడా రబ్బరు ఫ్లాంజ్ వైపే వెళ్లాలి. నిపుల్‌తో రెండు రబ్బర్లు వస్తే రెండోదాన్ని నట్టు కింద మెత్త లాగా వాడండి. కానీ నట్టుకూ దానికీ మధ్య ప్లాస్టిక్ వాషర్ ఒకటి వేయండి. లేకపోతే నట్టు తిరిగేకొద్దీ రబ్బరు మెలికలు పడుతుంది.

సిలికాన్ రాయాలా? వద్దు. దీని మీద వాదనలు ఎన్నైనా జరుగుతాయి గానీ, కారణాలు స్పష్టంగా ఉన్నాయి. తడి సిలికాన్ జారుడుగా ఉంటుంది. నట్టు బిగిస్తుంటే రబ్బరు పక్కకు జారి బయటికి తోసుకొస్తుంది. ఆరాక అది గాజును గట్టిగా పట్టుకుంటుంది గానీ పీవీసీనీ, నల్ల రబ్బరునూ అంత గట్టిగా పట్టుకోదు. రేపు మార్చాలంటే గీకలేక చావాలి. వాసెలిన్ కూడా రాయకండి, పెట్రోలియం పదార్థాలతో ఈపీడీఎం అనే రకం వాషర్ రబ్బరు ఉబ్బిపోతుంది. ఏదైనా రాసి తీరాలనిపిస్తే సిలికాన్ గ్రీజు చాలా పల్చగా. అసలు ఏమీ రాయకపోతేనే మంచిది.

ఇద్దరుంటే సులువు. ఒకరు లోపల ఫ్లాంజ్ తిరగకుండా పట్టుకోవాలి, ఇంకొకరు బయట నట్టు తిప్పాలి. తిరగాల్సింది నట్టు మాత్రమే. ఫ్లాంజ్ తిరిగితే రబ్బరు నలుగుతుంది. కొన్ని విదేశీ బల్క్‌హెడ్ నట్లకు ఎడమ చేతి థ్రెడ్ ఉంటుంది కాబట్టి, ఎటు తిప్పితే బిగుస్తుందో ముందే చూసుకోండి. గొట్టం హోల్ మధ్యలో ఉండేలా సరిచేసి, చేత్తో ఆగేదాకా తిప్పండి. తర్వాత రెంచితో పావు చుట్టు, చాలదనిపిస్తే మొత్తం కలిపి అర చుట్టు. అక్కడితో ఆపండి.

సరిపోయిందో లేదో ఊహించక్కర్లేదు, గాజు మనకు చూపిస్తుంది. బయటి నుంచి ఫోను టార్చి వేసి నట్టు అంచు దాటి కనిపించే రబ్బరును గాజు గుండా చూడండి. రబ్బరు సరిగ్గా ఆనిన చోట తడి అయినట్టు చిక్కటి నలుపు, ఆనని చోట బూడిద రంగు కనిపిస్తాయి. చుట్టూ తెగకుండా ఒకే నల్ల వలయం కావాలి. ఒక పక్క బూడిద రంగు మిగిలితే ఇంకా బిగించకండి, విప్పి అక్కడ ఏం అడ్డుందో చూడండి. రబ్బరు ఫ్లాంజ్ దాటి ఉబ్బి బయటికొస్తే అతిగా బిగిసింది, కొంచెం వదులు చేయండి. ఒక రోజంతా అలాగే వదిలేస్తే రబ్బరు కాస్త అణుగుతుంది. నీళ్లు నింపకముందే చేత్తో నట్టు ఇంకోసారి చూసుకోండి.

పైపులు: చాలా లీకులకు అసలు మూలం

బల్క్‌హెడ్ పక్కాగా బిగించి, దానికి వంకర పైపు తగిలిస్తే ఫలితం ఉండదు. పైపు నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు ఉందని చేత్తో లాగి జాయింటు అతికించేస్తే, అప్పటి నుంచి ఆ పైపు రోజంతా ఫ్లాంజ్‌ను ఒక వైపుకు గుంజుతూనే ఉంటుంది. మొదటి వారం బాగుంటుంది. రబ్బరు అణిగాక అవతలి వైపు చెమ్మ మొదలవుతుంది. మనం రబ్బరును తిడతాం.

అందుకే ముందు అన్ని ముక్కలూ కోసి, సాల్వెంట్ లేకుండా అమర్చి చూడండి. ఏ ముక్కా బలవంతంగా కూర్చోకూడదు. సరిపోయాక మార్కరుతో జాయింట్ల మీద గీతలు గీసుకుని అప్పుడు అతికించండి. బల్క్‌హెడ్ నుంచి 30 సెంటీమీటర్లలోపు మొదటి క్లాంపు స్టాండుకు పడాలి. నీళ్లతో నిండిన పైపు బరువును క్లాంపు మోయాలి, ఫ్లాంజ్ మోయకూడదు. పంపు నుంచి పైకి వచ్చే లైనులో పంపు దగ్గర ఒక జానెడు మెత్తటి సిలికాన్ ట్యూబు వేస్తే అదురు పైకి పాకదు.

బల్క్‌హెడ్ కింద ఒక యూనియన్, అంటే విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు తప్పకుండా పెట్టండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది. కానీ సంపు తీయాలన్నా, పైపు కడగాలన్నా బల్క్‌హెడ్‌ను కదపక్కర్లేదు. యూనియన్‌లో ఓ-రింగ్ ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, చేతి బిగువు చాలు. బాల్ వాల్వ్ పిడి తిప్పేటప్పుడు రెండో చేత్తో పైపును పట్టుకోవడం అలవాటు చేసుకోండి. కొత్త వాల్వులు గట్టిగా ఉంటాయి, ఆ మెలిక అంతా పైన ఫిట్టింగుకే పోతుంది.

థ్రెడ్ జాయింటుకు టెఫ్లాన్ టేపు మూడు నుంచి ఐదు చుట్లు, థ్రెడ్ కొన మీ వైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడి పోగవుతుంది. సాగదీసి, మరల్లోకి దిగేలా చుట్టాలి. చేతి బిగువు తర్వాత ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. టేపు జారుడుగా ఉండటం వల్ల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కోన్ ఆకారపు థ్రెడ్ లోపలికి పోయేకొద్దీ బయటి ప్లాస్టిక్ విచ్చుకుంటుంది, ఒక రోజు నిలువునా చీలుతుంది. నేనైతే వీలైన ప్రతిచోటా థ్రెడ్ రకం వదిలి, సాల్వెంట్‌తో అతికే రకమే తీసుకుంటాను.

సాల్వెంట్ జాయింటుకు పైపును నిటారుగా కోసి, అంచు పొట్టు గీకి, రెండు ముఖాలకూ రాసి, దూరుస్తూ పావు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకోండి. లేకపోతే పైపు కొంచెం వెనక్కి వస్తుంది. నీళ్లు తగలనివ్వడానికి 24 గంటలు ఆగండి. బల్క్‌హెడ్ మీద ఏబీఎస్ (పీవీసీ కాని వేరే ప్లాస్టిక్) అని అచ్చు ఉంటే మామూలు పీవీసీ సాల్వెంట్ దాన్ని సరిగ్గా పట్టదు. ఏబీఎస్‌నూ పీవీసీనీ కలిపే సాల్వెంట్ దొరక్కపోతే అక్కడ థ్రెడ్ రకమే మేలు. సాల్వెంట్ బొట్టు రబ్బరు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి.

నీటి పరీక్ష

ఇది ఇసుక, రాళ్లు, మొక్కలు వేయకముందు జరగాలి. బాల్కనీలోనో వరండాలోనో అయితే ఇంకా మంచిది. ట్యాంకు అడుగు మొత్తం చదునుగా ఆనే స్టాండు మీదే పెట్టండి. రెండు ఇటుకల మీద పెడితే గాజే పోతుంది.

బల్క్‌హెడ్ మునిగి ఒక అంగుళం పైకి వచ్చేదాకా నింపండి. కింద పొడి న్యూస్‌పేపర్ పరచండి, ఒక్క బొట్టు పడినా మరక ఉండిపోతుంది. ప్రతి నట్టు చుట్టూ టిష్యూ పేపర్ మెలిపెట్టి కట్టండి. రాత్రంతా పొడిగా ఉంటే పూర్తిగా నింపి, ఇంకో 24 గంటలు చూడండి. ఆ తర్వాత పంపు వేసి నడుస్తున్న లైనుతో ఒక రోజు. పంపు అదురు, పైపుల్లో నీటి బరువు తోడైనప్పుడే కొన్ని లీకులు బయటపడతాయి.

ఈ దశలోనే పంపు స్విచ్ ఆపి చూడండి. పై నుంచి వెనక్కి జారే నీళ్లన్నీ సంపులో పట్టాలి. ఇది ఫిట్టింగు లీకు కాకపోయినా, నేల తడవడంలో తేడా ఏమీ లేదు. పంపు నుంచి ట్యాంకులోకి నీళ్లు తెచ్చే రిటర్న్ పైపుకు నీటి మట్టానికి కొంచెం కింద చిన్న రంధ్రం పెడితే గాలి లాగి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రంలో పాచి పేరుకోకుండా అప్పుడప్పుడు పుల్లతో పొడుస్తూ ఉండాలి.

చెమ్మ కనిపిస్తే

ముందు అది లీకేనా అని చూడండి. నీటిని చల్లబరిచే చిల్లర్ వాడే సముద్రపు ట్యాంకుల్లో, విశాఖ, కాకినాడ లాంటి ఉక్క గాలి ఊళ్లలో చల్లటి పైపుల మీద తేమ పడుతుంది. పైపు పొడవునా ఒకేలా చెమ్మ ఉంటే అది గాలిలో తేమే. ఒకే చోట మొదలై కిందికి పాకితే లీకు. ఉప్పు నీటి ట్యాంకుకు ఒక సౌకర్యం ఉంది: బొట్టు పడేంత లీకు రాకముందే నట్టు అంచున తెల్లటి ఉప్పు పొర కడుతుంది. వారానికోసారి టార్చి వేసి చూస్తే చాలు.

లీకేనని తేలితే అంతా పొడిగా తుడిచి, టిష్యూ ముక్కలతో పై నుంచి కిందికి తాకుతూ రండి. నీరు కిందికే జారుతుంది కాబట్టి బొట్టు పడే చోటు చూడకండి, తడి మొదలైన అన్నిటికంటే పై చోటు చూడండి. గాజు దగ్గరే మొదలైతే, ఫ్లాంజ్ పట్టుకుని నట్టును అరపావు చుట్టు మాత్రమే తిప్పి, గంట ఆగండి. ఆగకపోతే రెండోసారి తిప్పొద్దు. నీటి మట్టం హోల్ కిందికి దించి, పైపు యూనియన్ దగ్గర విప్పండి. పైపు విప్పగానే అది పక్కకు ఎగిరిందా? అయితే సమస్య పైపుదే. కదలకుండా నిలబడితే బల్క్‌హెడ్ తీసి రబ్బరు మీది గుర్తులు చదవండి. అడ్డంగా గీత ఉంటే అక్కడ రేణువో పెచ్చో ఉంది. ఒక పక్క లోతుగా, ఇంకో పక్క నున్నగా ఉంటే ఒత్తిడి సమానంగా పడలేదు. ఎలా ఉన్నా తీసిన రబ్బరు మళ్లీ పెట్టకండి. కొత్తది కొన్ని రూపాయలే.

బయటి నుంచి ఎం-సీల్ మెత్తేద్దామనే ఆలోచన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి వస్తుంది. నీళ్లు లోపలి నుంచి తోస్తున్నప్పుడు బయట తడి ముఖం మీద పెట్టిన పుట్టీ ఎక్కువ రోజులు పట్టుకుని ఉండదు. అంతకంటే పెద్ద నష్టం, అసలు లీకు ఎక్కడుందో ఇక కనిపించదు.

గాజు పెచ్చు రబ్బరు కిందికి వచ్చేసి, అద్దం మార్చే వీలు లేకపోతే ఒక మార్గం ఉంది. అదే సైజు హోల్ శుభ్రంగా కొట్టిన 6 మిల్లీమీటర్ల గాజు ముక్క, 45 మిల్లీమీటర్ల హోల్‌కైతే 13.5 సెంటీమీటర్ల చదరం, చేయించండి. ట్యాంకు ఖాళీ చేసి, పూర్తిగా ఆరబెట్టి, లోపలి ముఖానికి అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. బాత్రూములకు వాడే ఫంగస్ నిరోధక సిలికాన్ చేపలకు విషం, డబ్బా మీద చదివి కొనండి. గాలి బుడగలు లేకుండా పరచుకుందో లేదో బయటి నుంచి గాజు గుండా చూసుకోవచ్చు. గాజు మందం పెరిగింది కాబట్టి బల్క్‌హెడ్ గొట్టం పొడవు సరిపోతుందో, నట్టుకు కనీసం నాలుగైదు మరలు దొరుకుతాయో ముందే కొలుచుకోండి. వారం రోజులు ఆరనిచ్చి, కొత్త రబ్బరుతో బల్క్‌హెడ్ బిగించి, నీటి పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేయండి.